పేడ పూసిన నంబరు

ముప్పై! ఎర్రగ గుండ్రం గీసి, నడుమ నల్లగ ముప్పై అని రాసి, తుమ్మలకుంట నుంచి కల్వకుర్తి దాక పద్దెనిమిది కిలోమీటర్లల్ల ఇరవై రెండు బోర్డులు పాతిండ్రు. మల్లికార్జున్ ఒక్కొక్కటి లెక్కవెట్టిండు. పనిలేక కాదు, కడుపు మండి.

మరి గుంతలో? ఎక్కడియి అక్కడ్నే ఉన్నయి. వాగు మీద మోరి కుంగి రెండు వానకాలాలు దాటినయి. బాగుచెయ్యిండ్రని ఊరంత సంతకాలు వెట్టి అర్జీ ఇస్తే ఒక్కడు వచ్చి తొంగి చూసిన పాపాన పోలే. బోర్డులు పాతనీకి మాత్రం రెండు జీపులల్ల దిగిండ్రు. మొన్నటిదాక అరవై స్పీడున్న రోడ్డు తెల్లారేసరికి ముప్పై అయింది. రోడ్డెయ్య చాతగానోళ్లకు బోర్డు పాతుడు మంచిగ చాతనైంది. తూ, వీళ్ల తెలివి తగలవడ!

మల్లికార్జున్‌ది పాల బండి, తెల్ల బొలేరో. పొద్దు పొడవకముందే లేచి నాలుగు ఊర్లు తిరిగి, ఇంటింటి క్యాన్లు ఎక్కించుకొని, ఆఖరుకు సొంతూరు తుమ్మలకుంటల ఎక్కించుకునేసరికి ఆరున్నరయితది. కల్వకుర్తి పాల సెంటరు కాడ ఏడు గొట్టంగనే ట్యాంకరు పట్నం తొవ్వ వడుతది, ఒక్క నిమిషం ఆగదు. అరవైల పోతే పావుగంట మీద ఇంకో రెండు మూడు నిమిషాలు. ముప్పైల పోతే ముప్పై ఆరు నిమిషాలు. ఆ ఎక్కువైన ఆరు నిమిషాలు ఎవడు తెచ్చియ్యాలె? బోర్డు పాతినోడు తెచ్చిస్తడా?

మొదటి రోజు, రూలంటే రూలే గదా అని బుద్ధిగ ముప్పైల పోయిండు. సెంటరు గేటు కాడికి పోయేసరికి ట్యాంకరు లేపిన దుమ్ము కనవడ్డది గని ట్యాంకరు కనవడలే. ఎండకాలమాయె. క్యాన్లు మళ్ల ఊర్లు తిప్పి ఇంటింటికి దించేసరికి పది దాటింది, పాలన్ని ఇరిగిపోయినయి. తుమ్మలకుంటల పాలు పోసే లక్ష్మీనర్సమ్మ మూత తీసి వాసన చూసింది. క్యాను ఎత్తుకపోయి పెంటకుప్ప మీద ఒంపింది. నాలుగు తిట్టినా బాగుండు అనుకున్నడు మల్లికార్జున్. ఆ పుల్లటి వాసన రెండు రోజులు బండిని ఇడవలే. అన్నం ముందట కూసున్నా ముక్కుకు అదే కొట్టింది, ముద్ద లోపలికి పోలే.

రెండో రోజు నుంచి ఎప్పటిలెక్కనే తోలిండు. అప్పుడు మొదలైంది అసలు కథ. తంగేడు పొదల సాటుకు ప్లాస్టిక్ కుర్చీ ఏసుకొని, చేతుల స్పీడు కొలిచే గన్ను పట్టుకొని ఒక పోలీసాయన కూసునుడు షురూ చేసిండు. బండి అటు పోవుడు, ఇటు ఫోన్ల టింగుమని చలానా వచ్చుడు. వారంల నాలుగు వచ్చినయి. చలానా మీద బండి ఫొటో ఎంత సక్కగ పడ్డదంటే, పెండ్లి ఫొటోల మల్లికార్జున్ గూడ అంత సక్కగ పడలే.

మరి కంకర టిప్పర్లో? గన్నాయన కండ్ల ముందట్నే ఎనభైల ఉరుకుతయి. వాటి నంబర్ల మీద ఇంత మందం బురద. పెద్దసార్ల కార్లు కుయ్యి కుయ్యిమనుకుంట గాలిలెక్క పోతయి, వాళ్లకు ముప్పై లేదు, అరవై లేదు. దొరికేది ఎవడయ్యా అంటే పాలోడు, కూరగాయలోడు.

ఒకనాడు ఆపుకోలేక బండి ఆపి అడిగిండు. "గా టిప్పర్లు బురద పూసుకొని పోతాంటే మీకు కనవడతలేదా సారూ?"

"కనవడతాంది. నంబరు కనవడతలేదు. నంబరు కనవడకుంటే నేనేం జేస్త?" అన్నడు గన్నాయన సల్లగ, సీసల మజ్జిగ తాక్కుంట.

మల్లికార్జున్‌కు పెయ్యంత కంపరమెత్తింది. మొఖం మీద ఊంచబుద్ధయింది గని, ఊంచెటంత ధైర్యం లేక రోడ్డు మీద ఊంచి బండెక్కిండు.

ఇంటికాడి ముచ్చట గూడ చెప్పాలె. మల్లికార్జున్ అమ్మ గుర్వమ్మ, నాయిన బీరప్ప. వాళ్లకు నూటిరవై గొర్లు. ఎండకాలం వచ్చిందంటే మంద ఊర్లె ఉండది. పంటలు తీసి చేన్లు ఖాళీ అయినంక రైతులు పిలిచి మందను పండవెట్టిచ్చుకుంటరు. రెండు రోజులు ఒకరి చెల్కల, రెండు రోజులు ఇంకొకరి చెల్కల. గొర్ల పెంటికె పడ్డ భూమికి ఇంకో ఎరువు అక్కరలేదు. ముసలోళ్లిద్దరు మంద పక్కనే పండుకుంటరు. పొద్దుగాల్నే కోడలు స్వరూప సద్ది డబ్బ కట్టి మొగని బండిల పెడ్తది. మంద ఏ చెల్కల ఉంటే ఆడ, గుర్వమ్మ నిన్నటి ఖాళీ డబ్బ పట్టుకొని రోడ్డు మీదికి వచ్చి నిలవడ్తది. కొడుకు బండి ఆపి, దిగి, నిండు డబ్బ ఇచ్చి ఖాళీ డబ్బ తీసుకుంటడు. "తిన్నవా బిడ్డా" అని ఆమె అడుగుతది, "తిన్న" అని ఈయన అబద్ధం చెప్తడు.

ఆమెకు వచ్చిన తిప్పలేందంటే, ఆ పొద్దు మీద రోడ్డెంబడి పోయేటియి చానమట్టుకు తెల్ల బొలేరోలే. పాలయి, కూరగాయలయి, కోళ్లయి. నూటిరవై గొర్లల్ల ఏ పిల్ల ఏ తల్లిదో మొఖం చూసి చెప్తది గుర్వమ్మ. గీ ఇనుప ముండలు మాత్రం ఆమెకు ఒక్క తీరుగనే కనవడ్తయి. అందుకని వచ్చిన ప్రతి బండికి చెయ్యెత్తుకుంట రోడ్డు మీదికి వస్తది. "ఏం ముసల్దానా, సావబుద్ధయితాందా" అని తిట్టుకుంట పోతరు వాళ్లు.

"అత్తమ్మ రోడ్డు నడిమిట్లకు వస్తాందట. ఏమన్నయితే ఎవరు జవాబు చెప్పాలె?" అని స్వరూప మొత్తుకుంటది.

"పక్కకు నిలవడమంట తియ్" అంటడు మల్లికార్జున్. చెప్పిండు గూడ. ఆమె ఇంటదా?

నాలుగో చలానా వచ్చిన తెల్లారి, డబ్బ ఇయ్యనీకి బండి దిగిన మల్లికార్జున్ అన్నడు. "అమ్మా, జర గింత పేడ తెచ్చి ముందల, ఎనుక గా నంబర్ల మీద పూయి."

"ఎందుకురా, దిష్టా?"

"దిష్టే. గాడొకడు పొదల కూసొని దిష్టి పెడుతుండు."

గుర్వమ్మకు పని చెప్తే సగంల ఇడ్సదు. రైతు ఎడ్ల కాడికెళ్లి దోసెడు పేడ తెచ్చింది, ఎర్రమన్ను కలిపింది, గోడ అలికినట్టు రెండు దిక్కుల నంబరు మొత్తం మూసుకపోయేటట్టు నున్నగ అలికింది. అలికినంక మూడు వేళ్లు ఆనిచ్చి పైకెళ్లి కిందికి గీసింది. వాళ్ల గొర్ల వీపుల మీద ఎర్ర రంగుతోని పెట్టే గుర్తు అదే, మూడు గీతలు. నీళ్ల కాడ రెండు మందలు కలిసిపోతే, ఎవరి గొర్రె ఎవరిదో తేల్చేది ఆ గీతలే.

"ఇగ నువ్వు గూడ నా మందల గొర్రెవే" అని నవ్వింది గుర్వమ్మ. "ఎంత దూరంల ఉన్నా పోల్చుకుంట."

నిజమే. గీతలు దూరానికి కనవడవు గని, తెల్లటి బండి మూతికి నల్లగ పేడ మాత్రం ఫర్లాంగు అవుతలకెళ్లే కనవడ్తది. ఆ రోజు నుంచి ఆమె ఇంకో బండికి చెయ్యెత్తలే. పేడ రాలినప్పుడల్ల, బండి కల్వకుర్తి నుంచి తిరిగొచ్చేటప్పుడు ఆపిచ్చి తనే మళ్ల అలికేది, మళ్ల మూడు గీతలు గీసేది. మల్లికార్జున్‌కు చలానాలు బందయినయి. గన్నాయన గన్ను ఎత్తుడు, దించుడు. పాలు టైముకు ముందే చేరుతానయి. కొడుకు ఖుష్, తల్లి ఖుష్.

ఖుషీ ఉంటే నోరు ఊకుంటదా? పాలు దించినంక కల్వకుర్తిల సావిత్రమ్మ చాయ్ హోటల్ కాడ డ్రైవర్లంత కూడుతరు. ఆడ మల్లికార్జున్ తొడ మీద కొట్టుకొని చెప్పిండు. "బురద పూయకుండ్రి, ఎండితే దుమ్ములెక్క రాలిపోతది. పేడల ఎర్రమన్ను కలపాలె. మంచు పడ్డా, చినుకు పడ్డా కదలది. ఇది మా అమ్మ ఇకమతు."

"నీ అమ్మ ఇంజినీరే అన్నా!" అన్నడు కూరగాయల బండి ఎల్లేష్. అందరు నవ్విండ్రు. మల్లికార్జున్ ఆ రోజు అందరికి చాయ్ తాపిచ్చిండు.

రెండు వారాలల్ల ఆ రోడ్డు మీద పేడ లేని బొలేరో లేదు. ఎల్లేష్ బండికి పేడ, కోళ్ల బండికి పేడ, ఐస్ బండికి గూడ పేడ. ఎదురుంగ వచ్చినప్పుడల్ల లైటు కొట్టి నవ్వుకుంట పోతరు. మల్లికార్జున్‌కు ఛాతీ ఇంత ఎడల్పయింది. ఒక మంద గుర్తు ఇంకొకడు పెట్టుకున్నడంటే కులపోళ్లు పంచాయితి కూసుంటరు, తలకాయలు పగులుతయి. గొర్లు కాసే ఇంట్ల పుట్టినోనికి ఈ మాట తెల్వదా? తెలుసు. గని అది గొర్ల ముచ్చట, ఇది బండి ముచ్చట అనుకున్నడు. ఇంత మంది పేడ పూసుకున్నంక అమ్మ తన బండిని ఎట్ల పోల్చుకుంటదని ఒక్కనాడన్న అనుకోలే.

ఇంకో పాడు అలవాటు గూడ వడ్డది. గన్ను భయం పోయినంక కాలు బరువెక్కింది. అరవై చాలక డెబ్బై, డెబ్బై చాలక ఎనభై. అమ్మ కాడ బండి ఆపి దిగుడు మానేసిండు. జర మెల్లగ చేసి, కిటికీలకెళ్లి డబ్బ అందిచ్చుడే. డ్రైవరు కిటికీ కుడిదిక్కాయె, రోడ్డు నడిమిట్లకు ఉంటది. అందుకని గుర్వమ్మ నడిరోడ్డు మీదికి వచ్చి, బండి ఎంబడి నాలుగడుగులు ఉరికి, నిండు డబ్బ గుంజుకొని ఖాళీ డబ్బ లోపలికి ఇసిరేది.

"జర ఆపు బిడ్డా, మోకాళ్లు గుంజుతానయి" అన్నది ఒకనాడు.

"టైమయితాందే" అని కేకేసిండు అద్దంలకెళ్లి చూసుకుంట. టైము లేకేం! ఆ రోజు ట్యాంకరు కంటే పది నిమిషాలు ముందు పోయి చాయ్ తాగుకుంట కూసున్నడు.

ఆ మంగళారం లక్ష్మీనర్సమ్మ బర్రె పాలియ్యలే. దుడ్డె మూతి పెట్టినా పాలు చేపలే, తన్నింది. తుమ్మలకుంటల్నే పది నిమిషాలు లేటయింది. బర్రెను తిట్టుకుంట, బోర్డులను తిట్టుకుంట మల్లికార్జున్ బండిని ఉరికిచ్చిండు. వాగు మోరి దాటి మూల తిరిగేసరికి రోడ్డు నిండ గొర్లు. మూడు గీతల గొర్లు. మంద పొద్దుగాల్నే రోడ్డు మీద ఎందుకున్నదని బ్రేకు తొక్కిండు.

గొర్ల నడుమ బీరప్ప కూసున్నడు. ఒళ్లె గుర్వమ్మ తలకాయ ఉన్నది. కాలు తిరగకూడని దిక్కు తిరిగున్నది. ఖాళీ డబ్బ రోడ్డుకు అతుక్కపోయి అట్టలెక్క అయింది.

ట్రాక్టరు మీద పోయేటాయన ఒకడు ఆగి చెప్తుండు. "నేను చూసిన. ఎదురుంగ పోయి నిలవడ్డది, నవ్వుకుంట చెయ్యెత్తింది. వాడు జర్రంత గూడ ఆగలే. తెల్ల బొలేరో. నంబరంత పేడ..."

చెప్పేటోడు చెప్తనే ఆగిపోయిండు. ఆడున్న నలుగురు మల్లికార్జున్ బండి మూతి దిక్కు చూసిండ్రు. బీరప్ప గూడ చూసిండు. బండిని చూసి, కొడుకును చూసిండు.

"నువ్వేనారా?"

"నాయినా! నేను గాదు. నేను ఇప్పుడే వస్తున్న. ఒట్టు, నేను గాదు!"

కన్న తండ్రికి ఒట్టు పెట్టి చెప్పుకోవాల్సి వచ్చింది.

అంబులెన్సు వచ్చేదాక ఆగెటట్టు లేదు. గొర్లను ట్రాక్టరాయనకు అప్పజెప్పి, పాల క్యాన్లు పక్కకు జరిపి, గొంగడి పరిచి, గుర్వమ్మను బండిల పండవెట్టిండ్రు. బీరప్ప పక్కన కూసున్నడు. మల్లికార్జున్ గేరేసి ఎప్పటిలెక్క తొక్కిండు. మొదటి గుంతల్నే గుర్వమ్మ పెట్టిన కేకకు వాని కాలు బ్రేకు మీదికి పోయింది.

"మెల్లగ బిడ్డా... మెల్లగ తోలు... సచ్చిపోత..."

మెల్లగ చేసిండు. నలభైకి కేక, ముప్పైకి మూలుగు. ఇరవైల పోతే ఆమె ఊకున్నది. పద్నాలుగు కిలోమీటర్లు ఇరవైల పోయిండు. ఎర్ర గుండ్రాల ముప్పైలు ఒక్కొక్కటే ఎదురొచ్చినయి, ఒక్కొక్కటే ఎనుకకు పోయినయి. ఎనుకకెళ్లి బండ్లు బయ్యి బయ్యిమని హారన్లు. "ఏందిరా, పెండ్లి ఊరేగింపా?" అని ఒకడు తిట్టుకుంట ముందల వడ్డడు. వాని బండికి గూడ పేడ. తంగేడు పొదల కాడ గన్నాయన గన్ను ఎత్తి, ఇరవై చూసి, ఇచ్చంత్రంగ నిలవడ్డడు. మల్లికార్జున్‌కు వాణ్ణి తిట్టబుద్ధి గాలే. నోట్లె పుల్లటి పాల వాసన లేసింది.

ట్యాంకరు ఎప్పుడో పోయింది. దవాఖానల తుంటి ఎముక ఇరిగిందన్నరు. "ఆపరేషన్ అయితే కట్టె పట్టుకొని నడుస్తది. మంద ఎంబడి తిరుగుడు మాత్రం మర్సిపోండ్రి" అన్నడు డాక్టరు. బీరప్ప తలకు చుట్టిన తువ్వాల తీసి మొఖం కప్పుకున్నడు.

పదకొండు గొట్టంగ ఎల్లేష్ వచ్చిండు, బ్రెడ్డు పాకిట్టు పట్టుకొని. "అయ్యో అన్నా, గిట్లెట్లయింది" అని కండ్లు తుడుసుకున్నడు. మల్లికార్జున్ దవాఖాన ముందట ఆపిన వాని బండి దిక్కు చూసిండు. నంబరు ప్లేటు అద్దంలెక్క మెరుస్తాంది. కింద ఇంక నీళ్లు కారుతానయి.

"ఎప్పుడు కడిగినవురా?"

"నేనొక్కణ్ణేనా? పోలీసులు తిరుగుతుండ్రంటే హోటల్ కాడ అందరం కడిగినం" అన్నడు ఎల్లేష్, మొఖం పక్కకు తిప్పి. "నీదే... నీది గూడ కడుగరాదు అన్నా?"

అందరు కడిగిండ్రు. కోళ్లోడు, ఐసోడు, కూరగాయలోడు. నిన్నటిదాక తన ఇకమతుకు చాయ్ తాగి చప్పట్లు కొట్టినోళ్లు, అందరు ఒక బకీటు నీళ్లతోని ఎవని పాపం వాడు కడుక్కున్నరు. వీళ్లల్ల ఒకడు అమ్మను గుద్దినోడు. వీడేనా? ఇంకొకడా? మల్లికార్జున్ ఎల్లేష్ కండ్లల్లకు చూద్దామనుకున్నడు. వాడు కండ్లు ఎత్తలే. ఆ బ్రెడ్డు పాకిట్టును చూస్తే రోత పుట్టింది. అంతకంటే ఎక్కువ తన మీద తనకే అసహ్యమయింది, ఈ ఇకమతు నేర్పినోడు తనే ఆయె.

కానిస్టేబుల్ వచ్చి మంచం పక్కన స్టూలు ఏసుకున్నడు.

"అమ్మా, ఏ బండి గుద్దింది? నంబరు చూసినవా?"

"నాకు సదువొస్తదా సారూ" అన్నది గుర్వమ్మ, మూలుక్కుంట. "పేడ చూసిన. పేడ ఉంటే నా కొడుకు బండే. అందుకే రోడ్డు మీదికి పోయిన."

కానిస్టేబుల్ రాసుడు ఆపి మల్లికార్జున్ దిక్కు చూసిండు. "బయట పేడ ఉన్న బండి ఒక్కటే ఉన్నది. అది నీదేనా?"

"నాదే సార్. గని నేను గాదు..."

"అట్లనే అంటరు."

"వాడు గాదు సారూ!" గుర్వమ్మ లేవబోయి కెవ్వుమన్నది. ఊపిరి తీసుకొని మళ్ల అన్నది. "మా మల్లిగాడైతే ఆగకుండ పోతడా? అమ్మను చూస్తే ఆపడా? వాడు రోజు ఆపుతడు. దిగుతడు. తిన్నవానే అని అడుగుతడు. ఊరందరికి తెలుసు, అడుగుండ్రి."

రోజు ఆపుతడట. దిగుతడట. మూడు వారాల సంది నడిరోడ్డు మీద ఉరికిచ్చిన ముసల్ది, కొడుకును కాపాడనీకి పోలీసాయన ముందట అబద్ధం చెప్తాంది. మల్లికార్జున్‌ ఆమె దిక్కు చూడలేక గోడ దిక్కు చూసిండు.

కానిస్టేబుల్ బయటికి తీస్కపోయి, బండి ముందట నిలవెట్టి ఫోన్ల ఫొటో తీసిండు. దగ్గరకొచ్చి ఇంకొకటి తీసిండు. ఎండకు పేడ రాయిలెక్క గట్టివడ్డది. నిన్న తిరిగొచ్చేటప్పుడు పేడ కోసం ఆపితే అమ్మ కొత్తగ అలికింది. మూడు వేళ్ల గీతలు గోరు అంచులతో సహా తేటగ ఉన్నయి. మల్లికార్జున్ చెయ్యి దానంతటదే గీకనీకి పోయింది.

"ముట్టకు" అన్నడు కానిస్టేబుల్. "గదే సాక్ష్యం. అట్లనే ఉండనియ్." పుస్తకం తీసి పెన్ను సదురుకున్నడు. "నంబరు కనవడతలేదు. నోటితోనే చెప్పు, రాసుకుంట."

మల్లికార్జున్ నోరు తెరిసిండు. పొదల సాటుకెళ్లి గన్ను పెట్టినా దొరకని నంబరు, ఒక్కొక్క అంకె తనే చెప్పిండు.